మాయమైన గడి

ఇలియాస్ కంప్యూటర్లో కట్టిన ఫారం ఎదుటివాళ్ళ తప్పులు పట్టేదే తప్ప తాను తప్పు చేసేది కాదు. ఈ సంగతి అతను రోజూ ఎవరో ఒకరికి చెప్పకుండా నిద్రపోయేవాడు కాదు.

సూఫీ గురువు నూరుల్లా బాబా ఆశ్రమం, ఖాన్‌ఖా, గుట్ట మీద ఉంటుంది. గుట్ట కింద పెద్ద కేన్సర్ ఆసుపత్రి. దూరాల నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళకు ఖాన్‌ఖా సత్రంలో గది ఉచితం. ఉచితమే గానీ, పెద్దవాళ్ళ మనిషి ఎవడైనా ఫోన్ చేస్తే దొరికేది, చెయ్యకపోతే దొరికేది కాదు. నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి బాబా దగ్గర శిష్యుడిగా చేరిన ఇలియాస్‌కు అది చూసి ఒళ్ళు మండిపోయింది. సిఫారసు చావాలి, నియమం బతకాలి అన్నాడు. వరుసలో చివరి మనిషిదే మొదటి హక్కు అన్నాడు. ఇలాంటివి అతని దగ్గర చాలా ఉండేవి, అన్నీ ఎక్కడో చదివినవే. అయితే ఊరికే అని ఊరుకోలేదు. వెబ్‌సైట్ కట్టాడు. ఫోన్లో ఫారం నింపి పంపినవాళ్ళకే గది. పంపనివాడు బాబా సొంత తమ్ముడైనా సరే, లేదు.

ఆ ఫారానికి తెలివి ఉండేది. అందరినీ అన్నీ అడిగేది కాదు. ‘మీ వెంట ఎవరైనా వచ్చారా’ అని అడిగేది. వచ్చారంటే, వాళ్ళ పేరు రాయడానికి కింద ఒక గడి తెరుచుకునేది. అది నింపనిదే ముందుకు పోనిచ్చేది కాదు. ఎవరూ లేరంటే ఆ గడి మాయమయ్యేది. అక్కర్లేని ప్రశ్న మనిషికి అవమానం అని ఇలియాస్ దానికీ ఒక నినాదం తయారు చేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఓబుళమ్మ అనే ఆవిడ బట్టల సంచితో గుట్ట ఎక్కి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి, ఆపరేషన్. ఆ రాత్రికి తల దాచుకోవాలి. ఇలియాస్ ముందు నిలబడి ఫోన్ చూపించింది.

“నాయనా, అన్నీ రాసినా. నొక్కుతాంటే పోవడం ల్యా.”

“ఏదో ఒకటి తప్పు రాసుంటావు పెద్దమ్మా. చూసుకో.”

“చూసుకున్నా. తప్పుంటే ఎర్రగా చూపిస్తాదంట గదా. ఏడా ఎరుపు ల్యా.”

ఇలియాస్ ఫోన్ అందుకుని పైనుంచి కిందికి చూశాడు. గడులన్నీ నిండి ఉన్నాయి. తనూ నొక్కాడు. ఏమీ కాలేదు. ఆ ఫోను మరీ పాతది.

“ఫోన్ లోపం. ఇంకెవరి ఫోన్లోనైనా నింపు.”

“నా తప్పేందో చెబితే దిద్దుకుంటా గదా సామీ. చెప్పకుండా నిలబెడితే నేనేం జేసేది?”

తోటి శిష్యుడు దస్తగిరి జాలిపడ్డాడు. “రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి కదరా. తాళం ఇచ్చేస్తే పోలా?”

“ఫారం లేకుండా నేనిస్తే అదీ సిఫారసే. నియమానికి కళ్ళు ఉండకూడదు.”

“కళ్ళు లేనిదానికి కాపలా ఉద్యోగం ఎవరిచ్చారు?” అని దస్తగిరి గొణుక్కుంటూ పోయాడు. ఓబుళమ్మ మెట్ల మీద కూలబడి మళ్ళీ మొదటి గడి నుంచి నింపడం మొదలుపెట్టింది. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికి అటుగా వెళ్తున్న బాబా ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా సాగిపోయారు.

సాయంత్రం నమాజు తర్వాత బాబా తన గదిలో పాఠం చెబుతారు. అక్కడొక ఆచారం ఉంది. శిష్యుడు గడప దగ్గర సలాం చేస్తాడు. బాబా ‘కూర్చో’ అంటారు. ఆ మాట వినపడ్డాకే కూర్చోవాలి.

ఇలియాస్ సలాం చేశాడు. బాబా అతనివైపు చల్లగా చూశారు. అంతే. తర్వాత వచ్చిన దస్తగిరితో “కూర్చో” అన్నారు. ఆ వెనకవాడితోనూ అన్నారు.

వినపడలేదేమో అనుకుని ఇలియాస్ మళ్ళీ సలాం చేశాడు. బాబా అదే చూపు చూశారు. కోపం లేదు, చిరాకు లేదు. పాఠం మొదలైంది.

ఇలియాస్ టోపీ సర్దుకున్నాడు. బయటికెళ్ళి కాళ్ళు మళ్ళీ కడుక్కుని వచ్చాడు. చొక్కా గుండీలు చూసుకున్నాడు. మొన్న తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ఆలస్యమయ్యానని ఒప్పుకున్నాడు. వంటవాడితో దురుసుగా మాట్లాడానని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడానికి ఏముందా అని వెతుక్కుని మరీ ఒప్పుకున్నాడు. ప్రతిసారీ బాబా తల ఎత్తి, ప్రేమగా చూసి, పాఠంలోకి వెళ్ళిపోయేవారు.

“ఏం వెలగబెట్టావురా?” అని దస్తగిరి గుసగుసగా అడిగాడు.

“అది తెలిస్తే ఇక్కడెందుకు నిలబడతాను?”

కాళ్ళు లాగుతున్నాయి. అందరూ కూర్చున్నచోట ఒక్కడే నిలబడటం ఎంత పొడుగ్గా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. తిట్టినా బాగుండును. పొమ్మన్నా బాగుండును. ఆ ప్రేమే భరించరానిదైంది. చివరికి అడిగేశాడు.

“బాబా, నా తప్పేమిటో చెబితే దిద్దుకుంటాను కదా. చెప్పకుండా నిలబెడితే నేనేం చెయ్యాలి?”

ఆ మాట తన నోటినుంచి వస్తుండగానే ఎవరి మాటో గుర్తుపట్టాడు.

బాబా పుస్తకం మూశారు.

ఇలియాస్ పరుగున బయటికొచ్చాడు. గోడవార నిలబడి, తన కొత్త ఫోన్లోనే ఫారం తెరిచాడు. ఆవిడ నింపినట్టే నింపాడు. వెంట ఎవరైనా వచ్చారా? లేరు. గడి మాయమైంది. మిగతావన్నీ రాసి నొక్కాడు. ఏమీ కాలేదు. ఎరుపు లేదు, చప్పుడు లేదు. అంతా బాగున్నట్టే ఉంది.

కంప్యూటర్ తెరిచి తాను రాసిన వరుసలు చూశాడు. ఎక్కడ తప్పిందో అప్పుడు కనపడింది.

గడిని మాయం చేశాడు. గడి నిండిందో లేదో చూడమని తాను పెట్టిన కాపలాను తీయలేదు. లేని గడి ముందు అది నిలబడే ఉంది. ఇది ఖాళీగా ఉంది, ఇది ఖాళీగా ఉంది అంటూ వచ్చినవాళ్ళను ఆపుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే ఎర్ర అక్షరాలు కూడా ఆ గడిలోపలే ఉన్నాయి గనక దానితోపాటే మాయమయ్యాయి.

పరీక్షించినప్పుడల్లా అతను వెంట ఉన్నవాళ్ళ పేరు అన్నచోట అమ్మ పేరు రాసేవాడు. ‘లేరు’ నొక్కి, గడి మాయమవడం చూసి ముచ్చటపడి, మళ్ళీ ‘ఉన్నారు’కు మార్చి అమ్మ పేరు రాసి పంపేవాడు. ఎవరూ లేనివాడిగా ఒక్కసారీ చివరిదాకా వెళ్ళలేదు.

అంటే ఈ ఫారం భార్య ఉన్నవాళ్ళను పోనిచ్చింది. కొడుకులున్నవాళ్ళను పోనిచ్చింది. పెద్దవాళ్ళ మనుషుల్నీ పోనిచ్చింది. ఎవరూ లేనివాళ్ళను మాత్రం, ఏరి, ఒక్కొక్కరినీ ఆపింది. ఎందరినో తెలుసుకునే దారి లేదు. పంపనే లేదు గనక వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. గుట్ట ఎక్కారు, నొక్కారు, తమ తప్పే అనుకుని దిగిపోయారు. సత్రం గదుల్లో ఒక్క ఒంటరి మనిషి కూడా లేడని ఇన్నాళ్ళూ అతనికి తట్టలేదు. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియని బాబా, మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి, తనను ఆ ఫారం లోపలికి తీసుకెళ్ళి నిలబెట్టారు.

దిద్దడానికి ఒక్క వరుస చాలింది. గడి ఉంటేనే కాపలా.

ఓబుళమ్మ ఇంకా మెట్ల మీదే ఉంది. “ఇప్పుడు నొక్కు పెద్దమ్మా” అన్నాడు. నొక్కింది. పోయింది.

“నేనేం తప్పు రాసినా నాయనా?”

“నువ్వు కాదు పెద్దమ్మా. నేను” అన్నాడు. గది తలుపు తీసి, చాప పరిచి, నీళ్ళు పెట్టాడు.

పొద్దున ఆవిడ ఆసుపత్రికి బయలుదేరేవేళకు బాబా సత్రం వాకిట్లో ఉన్నారు. ఇలియాస్ తల వంచుకుని ఎదురుగా నిలబడ్డాడు.

“బాబా, సరిచేశాను. ఎవరూ లేరన్నవాళ్ళకు ఇక తోడు పేరు అడిగే ఆ గడి అడ్డురాదు. పూర్తిగా తీసేశాను.”

“తీసేసి ఎక్కడ పెట్టావు?”

“ఎక్కడా పెట్టలేదు బాబా. మాయమైపోతుంది.”

బాబా వంగి, ఓబుళమ్మ కాళ్ళ దగ్గరున్న బట్టల సంచి తీసి ఇలియాస్ భుజానికి తగిలించారు.

“మాయం కాదు బేటా. ఆ గడి మన దగ్గరికి వస్తుంది.”