దానంతట అదే పోయే బండి

మా ఇంట్లో తెలివితక్కువ వాళ్ళు లేరు. మా నాయన ఓబులేసు గుడ్డుని చూడగానే అది కోడి పెట్టిందని చెప్పేస్తాడు. మా చిన్నాయన రెడ్డెప్ప కళ్ళు మూసుకుని కూడా చీకటైందని కనిపెడతాడు. ఇలాంటి ఇంట్లో పుట్టాను కాబట్టే నాకూ నాలుగు విషయాలు తెలుసు.

మా పాత పికప్ బండి క్లచ్ తొక్కీ తొక్కీ నాయనకి ఎడమ మోకాలు వాచింది. అవతల తోటలో టమాటా ఎర్రగా పండి కూర్చుంది. ఏడాదంతా మా ఇల్లు నడవాల్సింది ఆ కోత మీదే. మర్నాడు పొద్దున వేలంపాట లోపల మదనపల్లె మార్కెట్టుకి చేరకపోతే కాయలన్నీ పేడకుప్ప పాలే.

మెకానిక్ బాబ్జాన్ దారి చూపించాడు. బెంగళూరులో గుద్దుకుని మూలపడ్డ కొత్త బండిలోంచి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఊడదీసుకొచ్చాడు.

"ఇది గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. నీ ఎడమ కాలికి ఇంక పనే లేదు ఓబులేసన్నా."

"మరి దీనికి జీతమెంత?" అన్నాడు చిన్నాయన.

బాబ్జాన్ వినిపించుకోలేదు. కొత్త గేర్‌బాక్స్ పాతదాని కంటే జానెడు పొడుగుంది. వెనక చక్రాలకి పోయే షాఫ్టుని జానెడు కోయించుకురమ్మని మా చిన్నాయనని లేత్ షాపుకి పంపాడు. అక్కడి మనిషి ఏ చివర కోయాలని అడిగాడు.

"ఒక చివరే కోస్తే రెండో చివరకి అన్యాయం గదా," అన్నాడు చిన్నాయన.

అంతే, రెండు వైపులా జానెడు కోసేశారు. షాఫ్టు అందలేదు. బాబ్జాన్ తలకొట్టుకున్నాడు. పాపం తలనొప్పని మా అమ్మ సొంఠి అరగదీసి పట్టు వేసింది. ఆ పట్టుతోనే అతను కోసిన ముక్క మళ్ళీ అతికించి, సాయంత్రానికల్లా గేర్‌బాక్స్ ఎక్కించాడు.

తెల్లారింది. టమాటా క్రేట్లు ఎక్కించాం. అప్పుడు నాయనకి అనుమానమొచ్చింది.

"ఇది బెంగళూరుది. దీనికి తెలుగొచ్చా?"

రాదు. ఇంకేముంది, కర్ణాటకలో చింతామణి వైపు నుంచి వచ్చిన మా చిన్నమ్మ జయమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆవిడ ఒంగి గేరు రాడ్డుకి కన్నడంలో గేర్లు లెక్కపెట్టి చెప్పింది, "ఒందు, ఎరడు, మూరు."

"వింటాందా?" అన్నాడు నాయన.

"వింటాంది బావా. కొత్త గదా, సిగ్గుపడతాంది."

"మరి మార్కెట్టు దారో?"

అది పాత గేర్‌బాక్స్‌కే తెలుసు. మలుపులన్నీ తిరిగిన ప్రాణం. కొన్ని క్రేట్లు దించేసి పాతదాన్ని వెనక ఎక్కించాం, కొత్తదానికి దారి చెప్తుందని.

నాయన ఇంజను స్టార్టు చేసి, గేరు వేసి, బ్రేకు మీద నుంచి కాలు తీశాడు. బండి మెల్లగా దానంతట అదే కదిలింది. నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అన్నా, అదే పోతాంది గదా," అన్నాడు చిన్నాయన. "మనం దాని మీద బరువెందుకు?"

న్యాయమే. అందరం దిగిపోయాం. బండి ముందు, మేము వెనక. ఎదురొచ్చిన పాలాయన సైకిలు దిగి నిలబడిపోయాడు.

"డ్రైవరేడీ?"

"వెనక నడుస్తున్నా," అన్నాడు నాయన.

తర్వాత దిగుడు వచ్చింది. బండి పరుగెత్తింది, మేమూ పరుగెత్తాం. మలుపు రాగానే రోడ్డు ఎడమకి తిరిగింది, బండి తిరగలేదు. నేరుగా పోయి ఒక గడ్డివామిలో మూతి పెట్టి, గుర్రుమంటూ అక్కడే నిలబడింది.

"తొయ్యండి వెనక్కి," అంది అమ్మ.

"ఉండొదినా, ఆకలేసినట్టుంది. తిననీ," అన్నాడు చిన్నాయన.

తిననిచ్చాం. ఎండెక్కింది. మార్కెట్టు నుంచి మండీ ఆయన ఫోన్ చేశాడు.

"వేలం మొదలవుతాంది, ఎక్కడున్నారయ్యా?"

"బండి మేస్తాందన్నా. అయిపోగానే వచ్చేస్తాం," అన్నాడు నాయన.

అంతలో పాలాయన చెప్పాడో ఏమో, బాబ్జాన్ మోపెడ్ మీద వచ్చాడు. ఎక్కి బండిని వెనక్కి తీసి రోడ్డు మీద నిలబెట్టాడు. క్రేట్లు ఒక్కటీ ఒరగలేదు. నాయనని చెయ్యి పట్టుకుని సీట్లో కూర్చోబెట్టాడు.

"ఓబులేసన్నా, ఇంకా టైముంది. ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. ఇక్కణ్ణుంచి అంతా దిగుడే. మార్కెట్టు వచ్చేదాకా ఎవరూ దిగొద్దు. బ్రేకు మీద నుంచి కాలు తియ్యొద్దు."

"తియ్యను."

"ఒట్టు?"

"మా టమాటా మీద ఒట్టు."

బాబ్జాన్ నమ్మి వెళ్ళిపోయాడు. నాయన రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి గట్టిగా తొక్కాడు. మేమంతా ఎక్కి బుద్ధిగా కూర్చున్నాం. చెప్పింది చెప్పినట్టే చేస్తున్నాం. మా పక్క నుంచి టమాటా బండ్లు మార్కెట్టుకి వెళ్ళాయి. కాసేపటికి ఖాళీగా తిరిగొచ్చాయి.

మళ్ళీ ఫోన్ మోగింది.

"ఏమయ్యా, ఇంకా రాలేదా?"

నాయన కాలు కదపకుండా, మెడ మాత్రం బయట పెట్టి, దిగుడు చివరిదాకా రోడ్డంతా పరకాయించి చూశాడు.

"లేదన్నా. మార్కెట్టు ఇంకా రాలేదు. మీరు బయల్దేరారా?"