తుంగగడ్డలో మాంత్రికుడి ప్రాణం

రాజు లేకపోతే మీకు కథ రుచించదు కదా, అందుకని ముందు రాజునే పట్టుకొస్తాను. ఏడు సముద్రాలకు ఇవతల కుంతలపురమనే ఊళ్ళో ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రత్నకేతుకు కత్తంటే ప్రాణం. రెండోవాడు వజ్రకేతుకు బలం ఎక్కువ, ఓపిక తక్కువ. మూడోవాడు పుష్పకేతు. వాడికి అన్నీ నిదానమే. అన్నం నిదానంగా తింటాడు, మాట నిదానంగా మాట్లాడతాడు, చెప్పులు వేసుకోడానికి కూడా ఆలోచిస్తాడు. అన్నలిద్దరూ వాణ్ణి "ఒరే నత్తా" అనేవాళ్ళు. నవ్వకండి, మీలోనూ ఉన్నారు అలాంటివాళ్ళు.

పెద్దవాళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. మూడోవాడికి పక్కదేశపు రాజకుమారి కిన్నెరతో పెళ్ళి కుదిరింది. జ్యేష్ఠమాసంలో ఆఖరి ముహూర్తం. పిల్లంటే వాడికి ఎంత ఇష్టమో! పీటల మీద కూర్చుని, తాళి చేతిలోకి తీసుకున్నాడో లేదో, హోరుమని సుడిగాలి వచ్చింది. పందిరి ఎగిరిపోయింది. అందరూ కళ్ళు నులుముకుని చూసేసరికి పెళ్ళికూతురు లేదు. ఉగ్రధూముడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు, ఏడు సముద్రాల అవతల తన దీవికి.

అక్కడ దిగగానే వాడు, "కిన్నెరా, ఇప్పుడే పెళ్ళి" అన్నాడు.

 కిన్నెర ఏడుస్తూ కూర్చునే రకం కాదు. "అయ్యో రాత! రేపట్నించి ఆషాఢం. ఆషాఢంలో ఎవరైనా పెళ్ళి చేసుకుంటారా? నీకు శుభం జరగొద్దా?" అంది.

మాంత్రికుడికి దయ్యమంటే భయం లేదు, పులంటే భయం లేదు, కానీ ఆషాఢమంటే హడలు. "నిజమే సుమా! అయితే శ్రావణంలో మొదటి ముహూర్తానికి చేసుకుందాం. అది మాత్రం దాటదు" అన్నాడు. అలా ఆ పిల్లకు ఒక్క నెల గడువు దొరికింది. ఆ నెలలో ఎవరైనా వచ్చి విడిపిస్తే సరి, లేకపోతే ఆ రాక్షసుడి పెళ్ళామే.

ఇక్కడ ముగ్గురన్నదమ్ములూ పడవెక్కారు. ఏడు సముద్రాలు ఎలా దాటారని అడుగుతారు, నాకు తెలుసు. మొదటి సముద్రం ఉప్పగా ఉంది. రెండోదీ ఉప్పగానే ఉంది. ఏడూ ఉప్పే. ఇక చెప్పుకోడానికేం లేదు.

దీవిలో దిగాక, దారిలో ఒక బురదగుంటలో అడవిపంది పిల్ల పడి గీపెడుతోంది. రత్నకేతు చూసి, "మనకెందుకు?" అన్నాడు. వజ్రకేతు, "టైము లేదు" అన్నాడు. పుష్పకేతు ఆగి, గుంటలోకి దిగి, పిల్లను చంకన పెట్టుకుని పైకొచ్చాడు. పట్టుబట్టలు సర్వనాశనం. పంది పిల్ల తల్లి దగ్గరికి పరుగెత్తింది.

మాంత్రికుడి కోట గుమ్మంలో బంగారు పంజరం, అందులో చిలక. రత్నకేతు సర్రున కత్తి దూశాడు. మాంత్రికుడి ప్రాణం ఎందులో ఉంటుందో మనందరికీ తెలుసు కదా!

"ఆగు బాబూ ఆగు!" అని చిలక కెవ్వుమంది. "అందరూ ఇలాగే వచ్చి నా మెడ మీద పడతారని నన్నిక్కడ వేలాడదీశాడు ఆ దొంగవెధవ. నన్ను చంపితే నీకు గుప్పెడు ఈకలు తప్ప ఏమీ దక్కవు. కిన్నెరమ్మ వాడితో తియ్యగా మాట్లాడి అసలు గుట్టు లాగింది. బావి వెనక తుంగ మొలిచింది చూడండి, వాడి ప్రాణం అందులో ఉంది. 'చిలకకు ఒకటే మెడ, తుంగను తుంచగలవాడు పుట్టలేదు' అని మురిసిపోతాడు వాడు."

తుంగ తెలుసుగా? పొలం గట్టున, పెరట్లో, ఎక్కడ పడితే అక్కడ మొలిచే గడ్డి. రత్నకేతు పకపకా నవ్వాడు. "గడ్డిపరకా! ఇంతోటి దానికి ముగ్గురం రావాలా?" అని ఒక్క వేటుతో నేలమట్టంగా కోసేశాడు. లోపల అన్నం తింటున్న మాంత్రికుడు ముద్ద నోట్లో ఉండగానే వెల్లకిలా కూలిపోయాడు. కిన్నెరను తీసుకుని అందరూ పడవ దగ్గరికి పరుగు తీశారు. తాడు విప్పేలోపలే బావి వెనక పచ్చటి మొన ఒకటి నేల చీల్చుకుని లేచింది. మాంత్రికుడు నోట్లో ముద్ద నమిలి మింగి, లేచొచ్చి, కిన్నెరను లాక్కుపోయి, రత్నకేతును రాయి చేసి పారేశాడు. మిగిలిన ఇద్దరూ మొగలిపొదల్లో దూరి బతికిపోయారు.

వజ్రకేతుకు కోపం ముంచుకొచ్చింది. "పైపైన కోస్తే చస్తుందా? వేళ్ళతో పెకిలించాలి" అని, మర్నాడు మాంత్రికుడు భోంచేసి గురకపెట్టే వేళ, కొట్టంలోంచి నాగలి తెచ్చి ఆ చోటంతా అడ్డంగా నిలువుగా దున్నేశాడు. మట్టి గుల్లబారింది. గడ్డి కనిపించలేదు. "అయిపోయింది వాడి పని!" అని మీసం తిప్పాడు.

ఆ పూటే వాన కురిసింది. మర్నాడు చూస్తే ఏముంది, నేలంతా తుంగే! ఒకచోట ఉన్నది నాగలితో పాటు దొర్లి మడంతా మొలిచింది. అంతేనా? కోటలోంచి ఒక మాంత్రికుడు వచ్చాడు. వాడి వెనక ఇంకొకడు. వాడి వెనక మరొకడు. బావి దగ్గర మాంత్రికుడు, వంటింట్లో మాంత్రికుడు, మెట్ల మీద నలుగురు మాంత్రికులు! అందరివీ అవే కోరమీసాలు. ముందొచ్చినవాడు వజ్రకేతును కూడా రాయి చేసేశాడు.

కిన్నెర కిటికీలోంచి చూసి గతుక్కుమంది. వెంటనే గొంతు సవరించుకుని, "ఏమండీ ధూములుగార్లూ! నేను ఒక్కదాన్ని, మీరు ఇంతమంది. అసలు పెళ్ళికొడుకెవరో తేల్చుకు రండి ముందు" అంది.

ఇక చూస్కో! "నేనే అసలు" అంటే "నేనే అసలు" అని జుట్లు పట్టుకున్నారు. పొద్దున మొదలైన గొడవ సాయంత్రానికీ తెగలేదు, వారానికీ తెగలేదు. పొదలో ఉన్న పుష్పకేతును పట్టించుకునే నాథుడే లేడు.

వాడికి మాత్రం ఏడుపొచ్చింది. ఆషాఢం సగం అయిపోయింది. అన్నలు రాళ్ళయ్యారు. మడిలో కూలబడి ఒక పరక పట్టుకుని లాగాడు. ఆకు చేతికొచ్చింది, కిందిది కిందే ఉంది.

"అలా లాగితే అది నవ్వుకుంటుంది నాయనా" అని వెనకనుంచి మాట వినిపించింది. చూస్తే అడవిపంది, వెంట పిల్లలు. "నా బిడ్డను గుంటలోంచి తీశావు. నీకు తుంగ సంగతి నేను చెబుతాను. మాకు అదే అన్నం" అని ముట్టెతో మెల్లగా మట్టి తోసింది. "చూడు. ఈ ఆకు ఉత్త టోపీ. దాని కింద ఒక గడ్డ. ఆ గడ్డనించి సన్నటి తీగ, దాని కొసన ఇంకో గడ్డ, మళ్ళీ తీగ, మళ్ళీ గడ్డ. పూసలు గుచ్చినట్టు పోతుంది. పైగడ్డ బతికున్నన్నాళ్ళూ కిందివి నిద్రపోతాయి. పైది పోయిందా, కిందిది లేస్తుంది. తీగ తెగిందా, ఎవరికి వారే తల్లులై లేస్తారు. నీ అన్న దున్ని చేసిందదే."

పుష్పకేతు ఏడుపు మరిచిపోయాడు. "ఎండాకాలం ఏం చేస్తుంది పందమ్మా?"

"లోతున కళ్ళు మూసుకుంటుంది. వరదొస్తే ఊపిరి బిగబట్టుకుంటుంది. నిప్పు పెడితే ఆకు కాలుతుంది, గడ్డకు సెగైనా తగలదు. తినే తిండంతా కింద దాచుకుంటుంది, కష్టకాలానికి."

"ఆహా!" అన్నాడు వాడు. నిజంగానే అన్నాడు. పెళ్ళాం కాబోయేదాన్ని చెరలో పెట్టినవాడి ప్రాణం అని కూడా మరిచి, ఆ నల్లటి గడ్డను అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాడు. "వాడికి మంత్రాలు వచ్చో రాకో గానీ, ప్రాణం దాచుకోడానికి చోటు మాత్రం భలే ఎంచాడు!"

తరవాత మొదలుపెట్టాడు. వానకు మట్టి మెత్తబడింది. వేళ్ళతో తీగ వెంట వెళ్ళడం, మట్టి తీయడం, గడ్డ తీయడం, మళ్ళీ తీగ వెంట వెళ్ళడం. తొందరపడితే తీగ పుటుక్కున తెగుతుంది. వాడు తొందరపడితే కదా! నత్త అన్నారే, ఆ నత్తే కావాలి ఇక్కడ. తీగ ఎటు పోయిందో తెలియకపోతే పంది పిల్లలు వాసన పట్టి చూపించేవి. గోళ్ళు అరిగాయి, నడుం విరిగిపోయింది, ఆషాఢం ఆఖరికొచ్చింది. బుట్ట నిండింది. పుష్పకేతు పంజరం తెరిస్తే చిలక బయటికొచ్చి వంటింటి తలుపు కొక్కెం విప్పింది, వాడు బుట్టతో లోపలికి దూరాడు.

కిన్నెర వాణ్ణి చూసి, అంత బురదలోనూ గుర్తుపట్టి, ఒక్క క్షణం ఏడ్చేసింది. "వచ్చారా!" అంది. అంతే. బుట్టలోకి చూసి, "తుంగముస్తలు కదూ? మా ఇంట్లో సున్నిపిండిలో వేసేవాళ్ళం" అని, పెనం పొయ్యి మీద పెట్టి, గడ్డలు వేసి వేయించడం మొదలుపెట్టింది.

చిటపట. సభలో "నేనే అసలు" అంటున్న మాంత్రికుడు మాట మధ్యలో పొగైపోయాడు. చిటపట. ఇంకొకడు పోయాడు. "పోతే పోయాడు, పోటీ తగ్గింది" అని పక్కవాడు సంతోషించాడు, వాడూ పోయాడు. చివరికి ఒక్కడే మిగిలాడు. చుట్టూ చూసుకున్నాడు. ముక్కుకు కమ్మటి వాసన తగిలింది. ఆ వాసన ఎక్కడిదో తెలిసి పరుగు తీశాడు.

వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఏం వేయిస్తున్నావు కిన్నెరా?" అన్నాడు.

"పెళ్ళికూతుర్ని కదా! నలుగు పెట్టుకోవద్దూ? తుంగముస్తలు వేయిస్తున్నా."

"వద్దు! దించు! ఆ ఒక్కటీ దించు, నీ మొగుణ్ణీ, బావల్నీ, అందర్నీ వదిలేస్తాను!"

"పీటల మీంచి ఎత్తుకొచ్చేటప్పుడు నేనూ వద్దనే అరిచాను. విన్నావా?" అని కిన్నెర అట్లకాడతో ఆఖరి గడ్డను ఇటునుంచి అటు తిప్పింది. గుమ్మంలో గుప్పెడు పొగ తప్ప ఏమీ మిగల్లేదు. బయట రాళ్ళు రెండూ కదిలి, "ఒరే తమ్ముడూ" అని లేచొచ్చాయి. ఆ తరవాత వాళ్ళు వాణ్ణి నత్త అంటే ఒట్టు.

పడవెక్కబోతుంటే కిన్నెర కెవ్వుమంది. బావి పక్కన పచ్చటి మొన! అందరూ బిగుసుకుపోయారు. పుష్పకేతు నిదానంగా వెళ్ళి, తవ్వి, గడ్డ తీసి చూశాడు. చాలాసేపు ఎదురుచూశారు. ఎవరూ రాలేదు.

"ఇది ఉత్త తుంగే. దీని ప్రాణం దీనిదే" అన్నాడు పుష్పకేతు. ఆ గడ్డను మళ్ళీ మట్టిలో పెట్టి, చెయ్యి దులుపుకుని, పడవెక్కాడు.

శ్రావణంలో మొదటి ముహూర్తానికే కుంతలపురంలో పెళ్ళి. వేయించిన గడ్డలన్నీ పెసలతో, పసుపుకొమ్ములతో కలిపి ముత్తైదువలు రోకళ్ళతో దంచారు. నలుగు పెట్టబోతూ అత్తగారు కాస్త జంకి, "అమ్మా కిన్నెరా, ఆ ముదనష్టపువాడి ప్రాణమే ఇది. ఒంటికి రాసుకుంటావా?" అని అడిగింది.

"రాసుకుంటాను అత్తయ్యా. బాగా రుద్ది, నాలుగు చెంబుల నీళ్ళతో కడిగేసుకుంటాను" అంది కిన్నెర. అలాగే చేసింది. వాళ్ళిద్దరూ ఎన్నేళ్ళు ఏలారంటే, వాళ్ళ మనవలకు కూడా జుట్టు నెరిసింది. కథ అయిపోయింది, లేచి కాళ్ళు కడుక్కోండి.