సన్నిబాబు బండి ఆగనన్న మలుపు

అనగనగా ఒక కొండ, నాన్నా. కొండ మీద పసుపు పండే ఒక ఊరు. ఆ ఊళ్ళో సన్నిబాబని ఒక పికప్ డ్రైవరు. వాడి పెళ్ళాం లోవకుమారి పురిటికని కొండ కింద పుట్టింటికి వెళ్ళింది. అక్కడే ఆడపిల్లని కన్నది.

సన్నిబాబు ఆ పిల్లని ఇంకా చూడలేదు. పసుపు రోజులు మరి, బండికి తీరికేదీ? కొండ మీద సిగ్నలు అంతంతే. ఫోన్లో బొమ్మ రాదు, మాటే వస్తుంది. రోజూ సాయంత్రం లోవ ఫోను ఉయ్యాల్లో పెట్టేది. వాడు చెవి ఒగ్గి, ఏడిస్తే ఏడుపు, నిద్దరోతే ఊపిరి వినేవాడు. 

మొదటిసారి బయల్దేరబోతే వాన పట్టుకుంది. రెండోసారి కొండచరియ విరిగి దారి మూసింది. ఆ తర్వాత బారసాలకి ముహూర్తమే పెట్టేశారు. చూస్తే ఇంకా రెండు లోడ్లు మిగిలున్నాయి.

అప్పుడు వాడేం చేశాడూ? రెండూ కలిపి ఒకేసారి దింపేద్దామనుకున్నాడు. బస్తాలెక్కే తొట్టి కుంగకుండా వెనక కమాను స్ప్రింగులకి అదనంగా పట్టీలు బిగించాడు. బస్తా మీద బస్తా ఎక్కించాడు. తొట్టి వేలెడు కూడా దిగలేదు. "వచ్చేస్తన్నానమ్మా" అనుకుంటూ ఘాట్ రోడ్డు దిగాడు.

ఒక మలుపులో బండి కాస్త ఆలస్యంగా ఆగింది. ఇంకో మలుపులో ముందు చక్రాల నుంచి కాలిన వాసనొచ్చింది. ఆ తర్వాతి మలుపులో ఎంత తొక్కినా ఆగనంది. పక్కన లోయ. వాడికి పిల్ల గుర్తొచ్చింది. తలుచుకుందామంటే ముఖం తెలీదే! ఏడుపొక్కటే చెవిలో వినిపించింది.

గబుక్కున గేరు తగ్గించి, బండిని కొండ వైపు తిప్పి మట్టిగట్టుకి గుద్దించాడు. బంపరు నుజ్జయింది. వాడు మిగిలాడు.

అప్పుడు ఖాదరని మెకానిక్కు వచ్చి బండి కింద దూరాడు. "ఇటు చూడు తమ్ముడూ. ఈ చిన్న కడ్డీ ఒక కొస ఇరుసుకి, ఇంకో కొస తొట్టి కింద బ్రేకు వాల్వుకి. బరువు పడి తొట్టి దిగితే ఇది వాల్వుని నెడుతుంది, వెనక చక్రాలకి బ్రేకు గట్టిగా అందుతుంది. ఖాళీ బండికి తొట్టి లేస్తుంది, బ్రేకు తగ్గుతుంది. లేదంటే తేలిక బండి వెనక చక్రాలు పట్టేసి జారిపోవూ? నువ్వు పట్టీలేసి తొట్టిని దిగనివ్వలేదు. కొండంత బరువెత్తినా బండి ఖాళీ అనుకుంది. భారమంతా ముందు బ్రేకుల మీదే పడింది."

సన్నిబాబు రోడ్డు పక్కన కూలబడి లోవకి ఫోను చేశాడు.

"బారసాలకి అందుకోలేను లోవా."



"నువ్వు నిమ్మళంగా దిగు బావా," అంది లోవ. "వాళ్ళనీ వీళ్ళనీ నేను ఆపుతాను. నువ్వు చెవిలో చెప్పందే దానికి పేరు లేదు."

ఆ తర్వాత పట్టీలు ఊడదీయించాడు. కాలిన బ్రేకులు మార్పించాడు. సగం బస్తాలు రోడ్డు పక్కన దించి, ఒక లోడు సంతలో దింపొచ్చి రెండోది ఎత్తాడు. ఈసారి తొట్టి కుంగింది, తొక్కిన చోటల్లా బండి ఆగింది. సంతలో బస్తాలు దించేసి, ఖాళీ బండితో అత్తారింటికి వెళ్ళాడు.

గుమ్మంలోకి వచ్చాడే గాని లోపలికి అడుగు పడదు. నూతి దగ్గరికెళ్ళి చేతులు కడిగాడు, మళ్ళీ కడిగాడు. పసుపు పోదే!

"అరిగిపోతాయి, ఇక రా బావా," అంది లోవ.

పిల్లని ఒళ్ళో పెట్టింది. ఆ ముఖాన్ని వాడు చూశాడు, చూశాడు, పేరు చెప్పడమే మరిచిపోయాడు. అందరూ ఎదురుచూస్తుంటే లోవ కొంగుతో వాడి కళ్ళు తుడిచింది.

బస్తాలు సంతకీ, బండి నీడకీ,
పాప నాన్న ఒడికీ, పేరు పాప చెవికీ,
కథ నడిచి కంచికీ, నువ్వు కునుకులోకీ.