సీసాకు మంచం వేసిన అన్నదమ్ములు

2011 ఆగస్టు 17, బుధవారం. తెల్లవారుజామున జల్లు పడింది. పదింటికల్లా ఎండ కాసి ఊరంతా ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి కక్కింది. తుమ్మలగుంట వీరాస్వామి పాదానికి తుప్పుపార దిగి అప్పటికి నాలుగు రోజులు. కాలు గుమ్మడికాయంత అయింది.

ఆయన కొడుకులు ఆదెయ్య, భూషయ్య. తమంత లెక్క తెలిసినవాళ్ళు తాలూకాలో లేరని వాళ్ళ గర్వం. నాకు కాలేజీలో లెక్కలు చెప్పినాయన కూడా అంత గర్వపడలేదు. ఆయన గొడుగు కథ ఒకటుంది. సరే, అదిప్పుడెందుకు.

పట్నం ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఏడు రోజులు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలనీ, మధ్యలో ఆపితే కాలు తీసెయ్యాల్సి వస్తుందనీ చెప్పాడు. కౌంటరు గుమాస్తా ఓపిగ్గా వివరించాడు. రోజుకు మందు మూడు వందలే. మంచానికి ఎనిమిది వందలు, నర్సుకు నాలుగు వందలు, సెలైన్ స్టాండుకు నూట యాభై. లోపలున్న పేషెంటుకే మంచం డబ్బు.

కూతురు మంగతాయారు మారుమాట లేకుండా గాజులు తీసుకుని బ్యాంకుకు వెళ్ళింది. అన్నదమ్ములు ఆలోచనలో పడ్డారు. వాళ్ళు ఆలోచించినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుంది.

"ఖర్చంతా నాన్న లోపల ఉన్నందుకేరా. మందు లోపలుంటే చాలదూ?" అన్నాడు ఆదెయ్య.

ఇంకేముంది. నర్సు సీసా తగిలించి అటు వెళ్ళగానే, తండ్రిని మోసుకెళ్ళి కిటికీ బయట ట్రాలీ ఆటోలో పడుకోబెట్టారు. ట్యూబు చాలలేదు. అంతే, ట్రాలీలో బల్లలు పేర్చి ఆయన్ని కిటికీ కంటే ఎత్తుకు లేపారు. స్టాండు ఖర్చు కూడా దండగేనని సీసాను దించారు. ఆ రోజు మంచం డబ్బు ముందే కట్టేశారు కదా, ఖాళీగా ఎందుకని సీసాను దానిమీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు.

సీసా కింద, మనిషి పైన. నెత్తురు ట్యూబులోంచి వెనక్కి దిగడం మొదలైంది. పైన ముసలాయన మూలుగుతున్నాడు.

"అన్నయ్యా, సీసా ఎర్రబడుతోంది. మందు తిరిగొచ్చేస్తోంది."

"రానీరా. వాపసు ఇచ్చేస్తే ఆ మూడు వందలూ మిగులుతాయి."

నర్సు రూతమ్మ వచ్చి దుప్పటి ఎత్తి చూసింది. పరుగున ట్యూబు బిగించి, నలుగుర్ని పిలిచి ముసలాయన్ని లోపలికి తెప్పించింది. అప్పుడు వాళ్ళవైపు తిరిగింది.

"మందు మూడు వందలేనయ్యా. ఇప్పుడు నేను రాకపోతే మీ నాన్న ఏమయ్యేవాడో, నా నాలుగు వందలు దానికి."

మంగతాయారు డబ్బు తెచ్చి ఏడు రోజులూ మంచం పక్కనే కూర్చుంది. కాలు దక్కింది. ఇంటికెళ్ళేటప్పుడు అన్నదమ్ములు వెయ్యిన్నూట యాభై... కాదు, వెయ్యిన్నీ యాభై కట్టాం గనుక స్టాండు మాదేనని కూర్చున్నారు. గుమాస్తా విసిగి, మూల పడేసిన తుప్పుది ఒకటి ఇచ్చి పంపాడు.

అయిదేళ్ళకు వీరాస్వామి తన రెండు కాళ్ళతో తిరుగుతూనే ఒకరోజు నిద్రలో పోయాడు. వీలునామా చదివారు. రెండెకరాలూ ఇల్లూ మంగతాయారుకు. స్టాండు ఆదెయ్యకు. భూషయ్యకు ఏమీ లేదు.

ఆదెయ్య మురిసిపోయాడు. పొలానికి ఎరువు కావాలి, స్టాండు నిలబడితే చాలు, రోజుకు నూట యాభై. దాన్ని వాకిట్లో పాతి పక్కనే కూర్చున్నాడు. భూషయ్య అన్యాయమని ఏడిచాడు. ఆదెయ్య మనసు కరిగింది. రంపం తెచ్చి స్టాండును సగానికి కోశాడు.

ఇప్పుడు ఎవరి ముక్క పక్కన వాళ్ళు కూర్చుని, తలా డెబ్బై అయిదు రూపాయల కోసం ఎదురుచూస్తున్నారు. మధ్యాహ్నానికి చెల్లెలు క్యారేజీ పంపుతుంది.