వకుళకిచ్చిన మూడు రోజుల గడువు

అనగనగనగా, రాజులు బంతాట చూస్తూ యుద్ధాలు వాయిదా వేసుకునే రోజుల్లో, సముద్రం ఒడ్డున లవణపురి అనే రాజ్యం ఉండేది.

ఆ రాజ్యంలో అందరికీ ఒకటే పిచ్చి. బుట్టబంతి. మనిషి చెయ్యి చాచినా అందనంత ఎత్తున గుంజకు ఒక వెదురుబుట్ట కడతారు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. తోలుబంతిని గట్టినేలకు కొడుతూ పరుగెత్తి, ఎగిరి, బుట్టలో వెయ్యాలి. పడ్డా దెబ్బ తగలకుండా బుట్ట కింద మాత్రం మెత్తని ఇసుక పోస్తారు. ఆట అంతే. అంత చిన్న ఆటకు అంత పెద్ద రాజ్యం ఊపిరి బిగబట్టేది.

ఆడేది ఆడపిల్లలు. చూసేది అందరూ. ఎలా ఆడాలో చెప్పేది మాత్రం, జన్మలో బంతి ముట్టుకోని మగవాళ్ళు.

లవణపురి విద్యాపీఠంలో చదువు నాలుగేళ్ళు. అక్కడి ఆటస్థలం పక్కన ఒక రాతిస్తంభం ఉండేది. ఏటా అందరికంటే ఎత్తుకు ఎగిరిన పిల్ల, పసుపులో ముంచిన వేళ్ళతో ఆ స్తంభాన్ని తాకాలి. ఆ గుర్తు పక్కన ఆమె పేరు చెక్కుతారు. పట్నంలో వర్తకులు జీతాలిచ్చి ఆడించే జట్లు ఉండేవి. ఆ వర్తకులు విద్యాపీఠానికి వచ్చేది చదువు చూడ్డానికి కాదు, స్తంభం చూడ్డానికి.

ఆ ఏడు అన్నిటికంటే పైనున్న గుర్తు వకుళది. పాత గుర్తులకంటే నాలుగు వేళ్ళు ఎత్తు.

వకుళకు పందొమ్మిదేళ్ళు. రెండేళ్ళ చదువు అయింది, ఇంకో రెండేళ్ళు ఉంది. తల్లి పోలమ్మ ఉప్పుమడుల్లో ఉప్పు గోకేది. ఆమె పాదాల పగుళ్ళలోకి ఉప్పు దిగి, ఏ కాలంలోనూ మానేవి కావు. తండ్రి వీరన్న కూడా ఉన్నాడు. ఆయన పని అభిప్రాయాలు చెప్పడం.

వకుళకు ఒక దురలవాటు ఉంది. ప్రశ్నలడుగుతుంది. ఆడపిల్లకు అది దురలవాటేనని ఊళ్ళో అందరూ ఏకగ్రీవంగా తేల్చారు.

ఒకరోజు పట్నం నుంచి రత్నగుప్త శ్రేష్ఠి పల్లకీలో దిగాడు. స్తంభం వంక చూశాడు. ఆ తర్వాతే వకుళ వంక చూశాడు.

"ఇంకా రెండేళ్ళు ఇక్కడేం చేస్తావమ్మా? కీర్తి వేడిగా ఉన్నప్పుడే వడ్డించుకోవాలి. చల్లారితే ఎవరూ ముట్టరు. మూడేళ్ళ ఒప్పందం రాసిస్తాను. నీ జీతం వస్తే మీ అమ్మ మళ్ళీ ఉప్పుమడి ముఖం చూడక్కర్లేదు. మూడు రోజులు గడువు. ఆలోచించుకో."

వకుళ మనసు ఆ మాట దగ్గరే ఆగింది. జీతం మాట దగ్గర కాదు, ఉప్పుమడి మాట దగ్గర.

"శ్రేష్ఠిగారూ, నాకంటే ముందు ఈ స్తంభాన్ని తాకినవాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నారు?"

"మహారాణుల్లా ఉన్నారు!" అన్నాడు శ్రేష్ఠి.

వకుళ విద్యాపీఠం పెద్ద, ఆచార్య విద్యాధరుడి దగ్గరకు వెళ్ళింది.

"వెళ్ళకు తల్లీ," అన్నాడాయన. "చదువు మధ్యలో ఆపకూడదు. పైగా వచ్చే ఏడు మహారాజుగారి పందెం మనమే గెలవాలి."

"బెంగ నా చదువు గురించా గురువుగారూ, పందెం గురించా?"

ఆచార్యుడికి దగ్గు వచ్చింది.

"సరే, చెప్పండి. నాకంటే ముందు వెళ్ళిపోయినవాళ్ళు ఎలా ఉన్నారు?"

"నాశనమయ్యారు!" అన్నాడు ఆచార్యుడు.

వకుళ ఇంటికి వెళ్ళింది. వీరన్న అప్పటికే కొత్త ఇంటి అరుగు ఏ దిక్కున కట్టించాలో ఇరుగుపొరుగుకు వివరిస్తున్నాడు.

"నాన్నా, నాకంటే ముందు వెళ్ళినవాళ్ళు..."

"వాళ్ళ సంగతి మనకెందుకే? ఒప్పందం మీద వేలిముద్ర వెయ్యడానికి నేను లేనూ?"

మహారాణులు. నాశనం. మనకెందుకు. మూడు జవాబులూ మూడు రకాలు. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే తీరు. వాళ్ళలో ఏ ఒక్కరూ ఆ పిల్లల్ని వెళ్ళి చూసినవారు కారు.

"అయితే నేనే చూసొస్తాను," అనుకుంది వకుళ. స్తంభం మీది మూడు పేర్లు గుర్తుపెట్టుకుని బయలుదేరింది.

మొదటి రోజు ఇందుముఖి ఇంటికి వెళ్ళింది. ఇందుముఖి మూడేళ్ళ కిందట చదువు మధ్యలో వదిలి, రత్నగుప్త శ్రేష్ఠి జట్టులో చేరింది. ఇప్పుడు ఆమెకు పట్నంలో మిద్దె ఉంది. ఎత్తయిన అరుగు మీద కూర్చుని జీడిపప్పు తింటోంది. వకుళను చూడగానే అరుగు మీంచి కిందికి దూకింది. చప్పుడు లేదు. పిల్లి దూకినట్టు దూకింది.

"వెళ్ళినందుకు బాధపడుతున్నావా అక్కా?"

"బాధా? మా అమ్మ ఊయల దిగడం లేదు. ఎందుకు బాధ?"

"అక్కడ ఆట ఎవరు నేర్పుతారు?"

ఇందుముఖి పకపకా నవ్వింది. "నేర్పడమేమిటే? వచ్చు గనకే కదా కొన్నారు! వచ్చినదాన్నే రోజూ ఆడిస్తారు. ఎడమచేత్తో విసరడం నాకు ఆనాడు రాదు, ఈనాడూ రాదు."

"మరి ఇందాక అంత మెత్తగా దూకడం ఎక్కడ నేర్చావు?"

"అదా? మా నాయనమ్మ ఊరూరా గడ ఎక్కి ఆడేది. దిగడం రాని మనిషికి ఎక్కే పనేమిటని, కర్ర పుచ్చుకుని నేర్పింది."

శ్రేష్ఠి చెప్పింది నిజమే మరి, అనుకుంది వకుళ. కానీ ఆ నాయనమ్మ కర్ర మాట ఆమెను వదల్లేదు.

రెండో రోజు కువలయ దగ్గరకు వెళ్ళింది. కువలయ అయిదేళ్ళ కిందట ఆ శ్రేష్ఠి జట్టులోనే చేరింది. ఇరవై నాలుగేళ్ళ మనిషి. పట్నంలో ఆటస్థలం వాకిట్లో మజ్జిగ అమ్ముతోంది. కుడికాలు ముందుకు చాపి కూర్చుంది. అది మడత పడదు.

"ఎవరైనా తోశారా అక్కా?"

"తోస్తే తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉండేది! ఎవరూ తొయ్యలేదు. ఎగిరాను, బంతి వేశాను, దిగాను. ఆ దిగడంలోనే పోయింది."

"శ్రేష్ఠిగారు వైద్యం చేయించలేదా?"

"కాలు విరిగితే ఒప్పందం కూడా అక్కడితో సరి అని రాసి ఉందట. నాకేం తెలుసు? కాలు నాది, వేలిముద్ర మా అన్నది." కువలయ ముంత నింపి అందించింది. "తాగు. ఊరికే ఇస్తున్నానని మురిసిపోకు. మీ జట్టుకు గెలుపు రాకపోతే కక్కిస్తాను."

"అక్కా, దిగడం నీకెవరైనా నేర్పారా?"

"దిగడం నేర్పేదేమిటే వెర్రిదానా? పైకి ఎగిరింది కిందికి రాదా?"

వకుళ మజ్జిగ తాగి ముంత తిరిగిచ్చింది. ఇద్దరూ చదువు మానేశారు. ఇద్దరూ ఒకే జట్టుకు వెళ్ళారు. ఒకామె పిల్లిలా దూకుతోంది, ఒకామె కాలు మడవలేకపోతోంది. అయితే తేడా వెళ్ళడంలో లేదా? దిగడంలో ఉందా?

మూడో రోజు తరళ దగ్గరకు వెళ్ళింది. తరళ ఎక్కడికీ వెళ్ళలేదు. నాలుగేళ్ళూ చదివి పట్టా తీసుకుంది. బుద్ధిమంతురాలంటే తరళలా ఉండాలని ఆచార్యుడు ఏటా కొత్త పిల్లలకు చెబుతాడు. ఆ తరళ ఇప్పుడు ఆ విద్యాపీఠంలోనే ఆటస్థలం ఊడుస్తోంది.

"పట్టా చేతికొచ్చేసరికి నాకు ఇరవై రెండు," అంది తరళ. "వయసైపోయిందన్నారు జట్లవాళ్ళు. ఆ వయసు మగవాడిని కుర్రాడంటారు మన ఊళ్ళో. ఆచార్యులవారు నన్ను మెచ్చుకుని, ఇంటికెళ్ళి భోంచేస్తారు. నేను చీపురు పట్టుకుంటాను."

వకుళ రెండు రోజుల సంగతీ చెప్పింది. చివరికి ఆ ప్రశ్నే అడిగింది. "అక్కా, దిగడం అంటూ ఒకటుందా?"

తరళ చీపురు పక్కన పడేసింది.

"ఎనిమిదేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నానే ఈ ప్రశ్న కోసం! బుట్ట కింద ఇసుక రోజూ చదును చేసేది నేనే. ఎవరు ఎలా దిగారో ఆ ఇసుకలో రాసి ఉంటుంది. కువలయ గుంటలు కూడా చూశాను. చెప్పబోతే, ఊడ్చేదానివి ఊడ్చుకో అన్నారు. ఏదీ, ఎగురు."

వకుళ ఎగిరింది. బుట్టలో చెయ్యి పెట్టి దిగింది.

ఇసుకలో ఎడమపాదం గుర్తు ఉందా లేదా అన్నట్టుంది. కుడిపాదం చోట మాత్రం మడమ దిగి లోతుగా గుంట పడింది.

"మళ్ళీ ఎగురు."

మళ్ళీ అదే గుంట. మూడోసారీ అదే గుంట.

"ఒళ్ళంతా ఒక్క మోకాలి మీద పడేస్తున్నావు," అంది తరళ. "కువలయా ఇంతే. ఆమెకంటే నువ్వు నాలుగు వేళ్ళు పైనుంచి పడుతున్నావు."

వకుళ గుంట పక్కన కూర్చుని వేలితో లోతు చూసింది. "నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు?"

"ఏడాది. మొండిదానివైతే ఇంకా ఎక్కువ."

సాయంత్రం వకుళ ఉప్పుమడి గట్టుకు వెళ్ళింది. తల్లికి అంతా చెప్పింది. "ఇప్పుడు వెళ్తే నీ కష్టం తీరుతుంది. కాలు నిలుస్తుందో లేదో తెలియదు. ఆగితే నువ్వు ఇంకో ఏడాది ఇందులోనే. శ్రేష్ఠి మళ్ళీ పిలుస్తాడన్న నమ్మకమూ లేదు. ఏం చెయ్యనే అమ్మా?"

పోలమ్మ పారకు ఆనుకుని నిలబడింది.

"నా పాదాల కోసం నీ మోకాలు పెడతావా? పెట్టి, రేపు నువ్వు మంచాన పడితే నీకు మందు కొనడానికి మళ్ళీ నేనే ఈ మడిలో దిగాలి. ఇంట్లో పని చెయ్యని కాళ్ళు ఒక జత ఉన్నాయి, అవి చాలు." గట్టు అవతల కొత్త అరుగు గురించి ఇంకా మాట్లాడుతున్న వీరన్న వంక చూసింది. "ఒక ఏడాదే కదే! ఉప్పు నాకు కొత్తా?"

నాలుగో రోజు పొద్దున శ్రేష్ఠి వచ్చాడు. ఆచార్యుడు వచ్చాడు. వీరన్న బొటనవేలు కడుక్కుని మరీ వచ్చాడు.

"నేను ఇప్పుడు రాను," అంది వకుళ. "ఒక్క ఏడాది ఆగుతాను."

"ఏడాదికి ఇంకొకరు వస్తారు. నీ పేరు ఎవరికీ గుర్తుండదు," అన్నాడు శ్రేష్ఠి.

అది నిజమని తరళను చూశాక వకుళకు తెలుసు. "కావచ్చు," అంది.

ఆచార్యుడి ముఖం వెలిగింది. వకుళ అటు తిరిగింది. "మీ కోసం ఉండటం లేదు గురువుగారూ. తరళక్క నాకు, మిగతా పిల్లలకు దిగడం నేర్పాలి. ఆవిడ చీపురు ఇంకెవరికైనా ఇచ్చి, ఆవిడకు గురువు పీట వెయ్యండి. లేకపోతే మీ పందెం మీరే ఆడుకోండి."

ఆచార్యుడు తన పొట్ట వంక చూసుకుని, ఒప్పుకున్నాడు.

ఆ ఏడాది వకుళ ఎగిరిందానికంటే పడిందే ఎక్కువ. మొదట పీట మీంచి దూకింది, తర్వాత అరుగు మీంచి, తర్వాత గోడ మీంచి. తరళ కర్ర పట్టుకోలేదు, కానీ నాలుక కర్రకంటే గట్టిది. ఇసుకలో కుడి గుంట మెల్లమెల్లగా పూడింది. రెండు పాదాలూ సమంగా పడటం మొదలుపెట్టాయి. విద్యాపీఠం మహారాజు పందెం గెలిచింది. వకుళ ఒక్క ఆట కూడా తప్పలేదు.

ఆ ఏడే శ్రేష్ఠి కొన్న ఇద్దరు పిల్లలు మోకాళ్ళు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు. పట్నం జట్ల పెద్ద పోటీ ముంచుకొచ్చింది. మహారాజు వచ్చి కూర్చున్నాడు. డప్పులు మోగుతున్నాయి. శ్రేష్ఠి తాటాకు ఒప్పందం పట్టుకుని, జట్టును వెంటబెట్టుకుని, ఆట చూడ్డానికి వచ్చిన వకుళ దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు.

"పోయినేడు చెప్పినంత ఇవ్వలేనమ్మా. నీ వయసు ఏడాది పెరిగింది."

"నా కాళ్ళకు ఏడాది చదువు పెరిగింది," అని వకుళ తాటాకు అందుకుంది. ఒక్కో వాక్యం పైకి చదివింది. ఒకచోట ఆగింది. "కాలు విరిగితే ఒప్పందం సరి. ఇది కొట్టేయండి. ఆటలో దెబ్బ తగిలితే వైద్యం, గడువు తీరేదాకా జీతం యజమానివే అని రాయండి."

"సరే, నీకు రాస్తాను."

"నాకొక్కదానికే కాదు. జట్టులో అందరికీ."

"అందరికీ రాస్తే నేను కాషాయం కట్టుకోవాలి!"

అతని వెనక ఇందుముఖి నేల మీద చతికిలపడింది. పక్క పిల్ల కూర్చుంది. ఇంకో పిల్ల కూర్చుంది. జట్టంతా కూర్చుంది.

"ఇదేమిటి?" అని అరిచాడు శ్రేష్ఠి.

"కాళ్ళ నొప్పులు శ్రేష్ఠిగారూ," అంది ఇందుముఖి. "ఆ వాక్యం రాసేదాకా తగ్గేలా లేవు."

డప్పులు ఆగాయి. మహారాజు ఇటు తిరిగి చూశాడు. శ్రేష్ఠి చెమటలు కక్కుతూ గంటం తీశాడు, రాశాడు. వకుళ మళ్ళీ చదివింది. తన వేలిముద్ర తనే వేసింది.

ఆ వారమే పోలమ్మ ఉప్పుమడి గట్టు దిగి వచ్చేసింది. కువలయ మోకాలు మాత్రం తిరిగి రాలేదు. ఆమెకు దెబ్బ తగలకముందే అడగవలసిన ప్రశ్నను ఎవరూ అడగలేదు మరి.

కాబట్టి పిల్లలూ, వెళ్ళమని చెప్పేవాళ్ళకూ ఉండమని చెప్పేవాళ్ళకూ జవాబిచ్చే ముందు, ఆ దారిన వెళ్ళినవాళ్ళ కాళ్ళు చూడండి, మీ కాళ్ళు మీరే పరీక్షించుకోండి, ఆ తర్వాతే అడుగు వెయ్యండి.