చెవి ఒగ్గిన కేకలమ్మ తల్లి

రాయలసీమలో జొన్నచేల నడుమ ఉన్న ఉలవలదిన్నె గ్రామానికి ఉత్తరాన, చిన్న గుట్ట మీద కేకలమ్మ తల్లి కొలువై ఉంది. గుడి పాతకాలపు మట్టిమిద్దె మాదిరి ఉంటుంది. వెలుతురు కోసం మిద్దె కప్పులో వదిలే గవాచి ఇక్కడ సరిగ్గా అమ్మవారి తల మీదుగా ఉంటుంది. అమ్మవారికి ఆయుధాలు లేవు. ఎడమచేయి మోకాలి మీద, కుడిచేయి చెవి వెనుక పెట్టుకుని, దూరపు పిలుపును ఆలకిస్తున్న పెద్దమ్మలా కూర్చుని ఉంటుంది. ‘నిశ్శబ్దం పాటించండి’ అనే బోర్డు ఇక్కడ కనబడదు. ఒక దాత ముచ్చటపడి చేయించి తెస్తే, కమిటీవారు కాఫీ ఇచ్చి, బోర్డును కూడా తిరిగి ఇచ్చి పంపారు.

పూర్వం ఇక్కడ పెద్దజ్వరం వ్యాపించింది. ఊరి పెద్ద ఓబన్న ఎవరి ఇంట్లో వాళ్లు ఉండాలని కట్టడి చేశాడు. ఆ కట్టడి వల్ల ఎందరో బతికారు, అందులో సందేహం లేదు. కానీ పిల్లలు ఊరికే ఉంటారా? గోడల మీదుగా కబుర్లు, సందు దొరికితే వీధిలోకి పరుగులు. విసిగిపోయిన ఓబన్న ఒక మాట పుట్టించాడు. జ్వరాలమ్మ వీధుల్లో తిరుగుతోందని, పిల్లల గొంతు ఎక్కడ వినబడితే అక్కడి గడప తొక్కుతుందని చెప్పించాడు. గవాచులకు సైతం బండలు కప్పించాడు. ఊరంతా సద్దుమణిగింది. పెద్దలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

ఓబన్న కూతురు తిమ్మక్క అప్పటికి ఎదిగే వయసు పిల్ల. జొన్నచేలో మంచె ఎక్కి ఒక్క కేక పెడితే పక్క చేలలోని పిట్టలు కూడా లేచిపోయేవట. అంతటి పిల్ల మూగనోము పట్టింది. ముద్ద ముట్టదు, నిద్రపోదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. నుదురు తాకితే చల్లగానే ఉంది. ఏ కషాయమూ పని చేయలేదు. పిల్ల చిక్కి సగమైపోతుంటే, బిడ్డ దక్కదేమోనని ఓబన్న తల్లి పుల్లమ్మ కుమిలిపోయింది.

ఒక మధ్యాహ్నం పుల్లమ్మ తిరగలి పక్కనే కునుకు తీసింది. కలలో పసుపు రాసుకున్న ఒక ముసలి ముత్తైదువ కనిపించి గట్టిగానే మందలించింది.

“ఏమ్మే పుల్లమ్మా, పిల్లోళ్ల గొంతు వింటే నేను జ్వరం తెస్తానని ఎవురు చెప్పినారు? నా పేరు చెప్పి వాళ్ల నోళ్లు కట్టేస్తిరి. వాకిళ్లు మూసుకోండి, నేనొద్దనను. గవాచులు తెరవండి. ఎవురి మిద్దె మీద వాళ్లను నిలబెట్టి అరవనీండి. వాళ్ల సద్దు లేక నాకు పొద్దు పోల్యా.”

పుల్లమ్మ లేచి కొడుకుకు కల చెప్పింది. తన మాటను అమ్మవారే కొట్టిపారేశాక ఓబన్న ఇంకేం చేస్తాడు? తానే బండ తొలగించి, నిచ్చెన వేసి కూతురిని మిద్దె ఎక్కించాడు. ఊళ్లో ప్రతి మిద్దె మీదికీ పిల్లలు ఎక్కారు. ఆ గోల చెప్పనలవి కాదు. తిమ్మక్క మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుంది. పుల్లమ్మ ఒళ్లోకి తీసుకుని వీపు నిమరగా నిమరగా మాట పెగిలింది.

“ఎదురింటి లింగిని గోడ మీంచి పిలిచినా జేజీ. మర్నాడే దానికి జ్వరమొచ్చె. నా వల్లే.”

ఓబన్న కూతురి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఊరు వింటుందన్న జంకు కూడా మరిచి, “నీ వల్ల కాదు తల్లీ! ఆ మాట అమ్మది కాదు, నాది. మిమ్మల్ని ఇంట్లో ఉంచాలని అబద్ధం చెప్పినా” అని ఏడ్చాడు.

లింగి అప్పటికే కోలుకుంటోంది. దుప్పటి కప్పుకుని ఎదుటి మిద్దె మీద నిలబడి ఇదంతా విన్నది. “ఒసే తిమ్మీ! నేను బాగానే ఉండా. మీ చేనంతా పిట్టలు తింటాంటే గమ్మున కూసున్నావేమే?” అని అరిచింది. తిమ్మక్క చేనువైపు చూసింది. రోషం ముంచుకొచ్చి, లేచి ఒక్క కేక పెట్టింది. పిట్టలు లేచాయి. గుట్ట కింద మేకలు బెదిరి పొదల్లో దూరాయి. వాటి కోసం వెళ్లిన కాపరి మల్లప్పకు అక్కడ అమ్మవారి శిల కనిపించింది, చెవి ఒగ్గి, చిరునవ్వుతో. జ్వరాలమ్మకు కేకలమ్మ అన్న పేరు అప్పుడే వచ్చింది. ఆ సాయంత్రం తిమ్మక్క అడిగి మరీ సంగటి పెట్టించుకుని తిన్నదట. అమ్మ తొలి మహిమ అదేనని అర్చకులమైన మా అభిప్రాయం.

నేటికీ ఆదివారం సాయంత్రం పిల్లలు గుడి మిద్దె ఎక్కి, తోచినదంతా గవాచిలోంచి అమ్మకు అరిచి చెబుతారు. లెక్కల మాస్టారి మీద ఫిర్యాదులే ఎక్కువ. పెద్దలు కింద కూర్చుని వినాలి. అడ్డు తగలరాదు, సంజాయిషీ అడగరాదు. దిగివచ్చిన బిడ్డ తల మీద చేయి ఉంచి “నీ వల్ల కాదు” అన్నాకే తీర్థం. ఈ తల్లిని సేవించిన పిల్లలకు దిగులు తీరుతుందని, పెద్దలకు వినే ఓపిక కలుగుతుందని నమ్మకం.

కరోనా తగ్గిన ఏడు, హైమావతి గారు పదో తరగతి చదివే కొడుకు భార్గవ్‌ను తీసుకువచ్చారు. తాతగారు కరోనాతో పోయినప్పటి నుంచి పిల్లవాడు గది దాటడం లేదని మాకు చెప్పారు. అతడు మిద్దె ఎక్కాడు. తరువాత గవాచి మీదికి వంగి, “తాతా, ఆరోజు నేను క్రికెట్‌కు పోకుండా ఉండాల్సింది!” అని అరిచాడు. కింద కూర్చున్న తల్లి ఆ మాట వినడం అదే మొదలు. దిగివచ్చిన కొడుకు ఆమెకంటే పొడుగు. తల అందక భుజాలు పట్టుకుని వంచి, చెప్పవలసిన మాట చెప్పింది.

“ఇంకోసారి చెప్పమ్మా” అన్నాడు.

ఆమె చెప్పింది. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పింది. ఆనాడు తీర్థం బాగా ఆలస్యమైంది, వరుసలో ఉన్నవాళ్లెవరూ తొందరపెట్టలేదు.