మందారాలకు కట్టిన గోడ

అనగనగా, ఉప్పుగాలికి తలుపు గడియలు కూడా తుప్పు పట్టే ఒక సముద్రపు ఒడ్డు ఊళ్ళో గవరయ్య అనే తాపీ మేస్త్రీ ఉండేవాడు. ఆయన గోడ కడితే చీమ కూడా దూరదని ఊరంతా చెప్పుకునేది. ఆయనా అదే చెప్పుకునేవాడు, కాస్త ఎక్కువగా.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్త పడవ నీళ్ళలోకి దిగాలంటే, పడవవాడి భార్య పుట్టింటి పెరట్లో పూసిన మందారాల దండ దాని ముక్కుకు కట్టాలి. దండ లేని పడవను ఎవరూ తోయరు.

గవరయ్య తన కూతురు నూకాలును ఒక పడవవాడికి ఇచ్చాడు. వాళ్ళ పాత పడవ పగిలిపోయింది. కొత్తది పున్నమినాడు దిగాలి. అది తప్పితే మళ్ళీ ఏడాదికి గాని ముహూర్తం లేదు. అన్నాళ్ళూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? మందారమా, ముందే కోసి దాచుకునే పువ్వు కాదు. పొద్దున విచ్చితే సాయంత్రానికి వాడిపోతుంది.

గవరయ్య పెరట్లో మందార చెట్ల నిండా మొగ్గలు. పున్నమి దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే ఈదురుగాలి మొదలైంది.

గవరయ్య గుండెల్లో రాయి పడింది. అయినా బింకం పోలేదు. "గాలేగా, దాని సంగతి నేను చూస్తా" అని సముద్రం వైపు రాతిగోడ లేపాడు. గాలి గోడకు కొట్టుకుని పైకి లేచింది, ఇవతల దబ్బున పడి సుడి తిరిగింది. కొమ్మలు విరిగాయి. ఎత్తు చాల్లేదనుకుని గోడ ఇంకా పెంచాడు. ఈసారి చెట్లే ఒరిగిపోయాయి.

"నాన్నా, ఒక్క పువ్వైనా దక్కుతుందా?" అంది నూకాలు.

గవరయ్య మిగిలిన కొమ్మలను కొబ్బరి తాడుతో గుంజలకు బిగించి కట్టాడు. ఊగే వీలు లేక అవి కట్టిన చోటే పుటుక్కుమన్నాయి. ఇక మిగిలింది ఒకే ఒక్క చెట్టు. ఆయనకు అన్నం సయించలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడుతున్నాడు.

పక్కనున్న తాటిచెట్టుకు గిజిగాడి గూడు వేలాడుతోంది, దాని అంచున పిట్ట వాలి ఉంది. "ఇంత గాలిలో నీకు భయం లేదటే పిట్టా?" అని అడిగాడు.

"లేకేం మావా! లోపల పిల్లలున్నాయి. అందుకే గూటిని ఊగనిస్తాను, సందుల్లోంచి గాలిని పోనిస్తాను. నువ్వేమో దానికి దారే లేకుండా చేశావు. అది నీ మొక్కల నెత్తిన పడుతోంది."

నా గోడకే వంక పెడుతుందా అని గవరయ్యకు ఒళ్ళు మండింది. అంతలో మరో మొగ్గ రాలి ఆయన పాదాల దగ్గర పడింది. కోపం చల్లారిపోయింది. గునపం తెచ్చి తన గోడను తనే కూల్చాడు. ఒక్కో రాయీ పడుతుంటే ప్రాణం ఉసూరుమంది. దాని చోట తాటాకులతో సందులు సందులుగా తడిక నిలబెట్టాడు. చెట్టు కట్లు వదులు చేశాడు.

గాలి మళ్ళీ వచ్చింది. తడిక గలగలలాడింది, గాలి దాని సందుల్లోంచి మెత్తబడి వచ్చింది. చెట్టు ఊగింది, విరగలేదు.

పున్నమి పొద్దున ఆ ఒక్క చెట్టూ పూసింది. దండ మూరెడు కూడా రాలేదు. అయినా అది పుట్టింటి దండే. నూకాలు దాన్ని పడవ ముక్కుకు బిగించబోయింది.

"వదులుగా కట్టమ్మా, గాలికి ఊగనీ" అన్నాడు గవరయ్య. అందరూ కలిసి పడవను నీళ్ళలోకి తోశారు.

పిల్లలూ, ఎదురొచ్చిన బలానికి కాస్త దారి ఇచ్చి, దాని జోరు తగ్గించినవాడే తనవాళ్ళను కాపాడుకోగలడు.